రైలు పాసు – ఉదయగిరి కొండ

మన ఇండ్లలో నేడు విదేశయాత్ర అపురూపము కాదు. కుమారుడో కుమార్తెయో పరదేశమున ఉద్యోగము చేయుచుండగా, తల్లిదండ్రులు వేసవిలో వారిని చూడబోవుట పరిపాటియైనది. అట్లు పోయినవారికి అచ్చటి మిత్రులు తొలుదొలుత చెప్పు మాట, "రైలు పాసు కొనుడు, గడువులోపల ఎన్ని బండ్లయినను ఎక్కవచ్చును" అని. ఆ పాసు ఎట్టిది, దానివలన లాభమేమి, దానిని వాడుకొను తీరు ఎట్లు అను సంగతులను నేడు ముచ్చటింపదలచితిని. ఈ విషయమున నేను నేర్చిన పాఠము మాత్రము పరదేశమున నేర్చినది కాదు. నెల్లూరుజిల్లా పడమటి సీమలో, మా ఉదయగిరి కొండదారిలో, సగము దూరమున నిలిచి నేర్చినది.

టిక్కెట్టునకును పాసునకును భేదమేమి? టిక్కెట్టు దూరమును కొలుచును. పాసు కాలమును కొలుచును. చెన్నపట్టణమునుండి నెల్లూరునకు టిక్కెట్టు కొన్నచో, ఆ సుమారు నూటడెబ్బదియైదు కిలోమీటర్లకే మనము రుసుము చెల్లించితిమి. పాసు అట్లు కాదు. ఏడు దినములకో పదునైదు దినములకో ఒక్కసారి సొమ్ము కట్టినచో, గడువు తీరువరకు ఎక్కినను, దిగినను, మరల ఎక్కినను అడ్డుచెప్పువారుండరు. ఐరోపాలో 1959లో 13 దేశముల రైల్వేలు కలిసి, ఆ ఖండమునకు వెలుపలినుండి వచ్చు యాత్రికులకొరకు యూరైల్ పాసును ప్రవేశపెట్టినవి. జపానుదేశము 1981లో అట్టి పాసునే తెచ్చినది. ఇట్టివి తరచుగా విదేశీయులకే అమ్మబడును. పాసుపోర్టు చూపవలెను. ఒకరి పేర నున్న పాసును మరియొకరు వాడరాదు.

మన దేశములోను ఇట్టి సదుపాయము చాలకాలము ఉండెను. దాని పేరు ఇండ్రైల్ పాసు. విదేశయాత్రికులును, ప్రవాసభారతీయులును దానిని కొనవచ్చును. వెల డాలర్లలో. పదునైదు దినముల పాసునకు రెండవ తరగతియైనచో 90 డాలర్లు, ఏసీ టూ టైరు తరగతియైనచో 185 డాలర్లు. సగము దినము మొదలు తొంబది దినములవరకు గడువులు ఉండెను. మొదటి బండి కదలిన వేళనుండి కడపటి దినము అర్ధరాత్రివరకు అది చెల్లును. రిజర్వేషను రుసుముగాని, సూపర్‌ఫాస్టు రుసుముగాని వేరుగ కట్టనక్కరలేదు. కాని ఒక్క సంగతి ఉన్నది: పాసు ప్రయాణము చేయు హక్కేగాని, పడుకొనుటకు బెర్తు కాదు. బెర్తును ముందుగా వేరుగ నిర్ణయించుకొనవలసినదే. ఈ చిన్న సంగతి వలననే నా కథ నడచినది.

మా పినతండ్రిగారి కుమారుడు జర్మనీలో ఉద్యోగమున నున్నాడు. వాని పొరుగింట నొక ఉపాధ్యాయుడు కలడు. చరిత్ర బోధించువాడు, విజయనగరమనిన ప్రాణము పెట్టువాడు. ఆయన 2014 జనవరిలో పదునైదు దినముల ఇండ్రైల్ పాసుతో మన దేశమునకు వచ్చెను. ఆయన కోరిక విచిత్రమైనది. ఒక విగ్రహము నడచిన దారిని తాను నడువవలెనని ఆయన సంకల్పము.

ఆ విగ్రహము కథ శ్రోతలలో పెక్కుమందికి తెలిసియుండును. శ్రీకృష్ణదేవరాయలు 1513లో ఉదయగిరి దుర్గమును ముట్టడించెను. గజపతుల సేన లోపలనుండి గట్టిగా నిలిచినది. సుమారు ఏడాదిన్నర పట్టిన ముట్టడి పిమ్మట 1514లో దుర్గము రాయల వశమైనది. తిరుగుదారిలో రాయలు తిరుమలకు పోయి స్వామిని సేవించెను. ఉదయగిరినుండి తెచ్చిన బాలకృష్ణుని విగ్రహమును రాజధానికి కొనిపోయి, గుడి కట్టించి, 1515లో అందు ప్రతిష్ఠించెను. హంపీలో ఆ కృష్ణాలయము నేడును చూడవచ్చును; గర్భగుడి మాత్రము శూన్యము. విగ్రహము నేడు చెన్నపట్టణమున ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియములో ఉన్నది.

మా అతిథి బెంగుళూరులో దిగి, హోసపేటకు బండి యెక్కి, హంపీలో ఆ శూన్యమైన గుడిని చూచెను. అచ్చటినుండి గుంతకల్లులో బండి మారి చెన్నపట్టణము చేరెను. ఆయన చేరినది శుక్రవారము. ఆ మ్యూజియమునకు శుక్రవారము సెలవు. పాసులో ఒక దినము ఆ విధముగ హరించెను. మరునాడు విగ్రహమును చూచి నెల్లూరునకు వచ్చుసరికి, ఆయన చేతనున్న చిన్న పుస్తకములో దినములన్నియు గళ్లుగీసి, ఒక్కొక్క గడిలో ఒక్కొక్క బండి పేరు వ్రాసియుండెను. పోయిన దినము గడికి ఎఱ్ఱసిరాతో అడ్డుగీత పెట్టియుండెను.

నెల్లూరు స్టేషనుతో పాసు మహిమ ఆగిపోవును. అచ్చటినుండి ఉదయగిరికి సుమారు నూరు కిలోమీటర్లు బస్సు. తెల్లవారుజామున మొదటి బస్సెక్కి పెన్న దాటితిమి. సంగము దాటినది. ఆత్మకూరు బస్సుస్టాండులో అనుమసముద్రంపేట దర్గాకు పోవువారు మూటలతో దిగిరి. ఆ తరువాత మాగాణి తగ్గి మెట్టచేలు, రాతిగుట్టలు, తుమ్మచెట్లు. చివరకు ఆకాశమున గోడకట్టినట్లు ఉదయగిరి కొండ.

ఆ రాత్రికే నెల్లూరునుండి హైదరాబాదు బండిలో ఆయనకు బెర్తు నిర్ణయమై యున్నది. కొండ యెక్కుట మొదలిడునప్పటికి పది గంటలు. దారి చూపుటకు మేకలు కాచుకొను ఒక వృద్ధుని వెంటబెట్టుకొంటిమి. పైకెక్కుకొలది ఒక్కొక్క కోటగోడ, ఒక్కొక్క బురుజు. మా అతిథి ప్రతి రాతిని తడవి చూచును. ఏడాదిన్నర ముట్టడి ఏల పట్టినదో తనకిప్పుడు బోధపడుచున్నదనెను. నేను మాత్రము గడియారము చూచుచుంటిని. ఒంటిగంట కావచ్చెను. పైన పాడుపడిన గుళ్లు, మసీదులు, నీటి దొరువులు ఇంకను ఎంతో ఎత్తున నున్నవి.

"ఇక దిగవలెను. బండి తప్పినచో బెర్తు పోవును" అంటిని.

వృద్ధుడు మా ఇద్దరివంక మార్చిమార్చి చూచి, "ఏంది సామీ, గడియారం చూసుకుంటా ఎక్కితే కొండ యాడ కనపడద్ది? పొద్దుగూకేదాకా ఉండండి. రేతిరికి మా ఇంట్లో ఇంత సంగటి తినిపోదురు" అన్నాడు.

ఆ మాటను నేను అతిథికి అనువదించి చెప్పలేదు. చెప్పినచో ఆయన ఆగునేమో అని భయము. పదిమంది కష్టపడి వేసిన ప్రణాళిక చెడునేమో అని భయము. దిగితిమి. దిగువ ఊరిలో కొయ్య చెంచాలు, గరిటెలు చెక్కువారి యింట రెండు చెంచాలు కొనుటకు మాత్రము ఆయనకు వ్యవధి చిక్కినది. రాత్రి బండి యెక్కించి ఘనకార్యము చేసినవానివలె ఇంటికి పోతిని.

రెండు నెలలకు ఆయన యొద్దనుండి ఉత్తరము వచ్చెను. హైదరాబాదులో గోలకొండయు, సాలార్‌జంగు మ్యూజియమును రెండు దినములలో చూచుట ముగిసినదట. పాసులో మిగిలిన దినములు పోవు చోటు తోచక హోటలులో గడిపెనట. చివర ఇట్లు వ్రాసెను: "విగ్రహము లేని గుడిని చూచితిని. గుడి లేని విగ్రహమును చూచితిని. ఆ విగ్రహము బయలుదేరిన చోటు మాత్రము మీ కొండపై మిగిలిపోయినది. ఆ ముసలివాడు అప్పుడేమనెను?"

నేను సిగ్గుపడితిని. ఆయన చేత నున్నది ఏ బండినైన ఎక్కగల పాసు. ఆ రాత్రి బెర్తు వదులుకొని, మరునాటి బండిలో చోటు వెదకికొనుటకు ఆయనకు హక్కున్నది. వ్యవధియు ఉన్నది. తొందర తీర్చుటకై కొన్న పాసును నేను తొందరపెట్టుటకు వాడితిని. ఉత్తరమునకు బదులు వ్రాయుచు వృద్ధుని మాటను ఉన్నదున్నట్లు వ్రాసితిని. మరల వత్తుననియు, ఈసారి కొండకు రెండు దినములు ఉంచుదుననియు ఆయన జాబు. 2017 నవంబరుతో ఇండ్రైల్ పాసు రద్దయినది. ఆయన నేటికిని రాలేదు.

ఈ కథనుబట్టి, పరదేశయాత్రకు పోవు శ్రోతలకు మూడు సంగతులు మనవి చేయుదును.

మొదటిది, లెక్క. పాసు అనగానే లాభమని భ్రమపడరాదు. జపానులో ఏడు దినముల సాధారణ పాసు వెల 2023 అక్టోబరులో 29,650 యెన్‌లనుండి 50,000 యెన్‌లకు పెరిగినది. టోక్యోనుండి క్యోటోకు వేగపుబండిలో ఒకవైపు రుసుము సుమారు 14,000 యెన్‌లు, పోయిరాగా 28,000. అంతమాత్రమే తిరుగువారికి పూర్వము పాసు ఇంచుమించుగా గిట్టుచుండెను, నేడు గిట్టదు. కావున మొదట పోదలచిన ఊళ్లను కాగితముపై వ్రాసి, విడివిడి టిక్కెట్ల మొత్తము కట్టి, ఆపై పాసు వెలతో పోల్చవలెను. దేశమంతకు చెల్లు పాసు కాక, ఒక్క ప్రాంతమునకు చెల్లు చిన్న పాసులును అచ్చట కలవు. ఒకచోటనే కుమారుని యింట నుండి చుట్టుపట్ల చూచువారికి అవియే మేలు.

రెండవది, పాసు ఎచ్చట ఆగునో ముందే తెలిసికొనుట. స్విట్జర్లండు పాసుతో రైలే కాదు, బస్సులు, సరస్సులలో పడవలు కూడ ఎక్కవచ్చును. ఐదువందలకు పైగా మ్యూజియములను వేరు రుసుము లేక చూడవచ్చును. అంతటి పాసును సహితము యుంగ్‌ఫ్రౌయోఖ్ వంటి ఎత్తైన మంచుకొండపైకి పోవు రైలునకు పూర్తిగా చెల్లదు. తగ్గింపు మాత్రమే ఇచ్చును. ఏ పాసుకైనను ఒక నెల్లూరు స్టేషను ఉండును. దానికి అవతలి ఖర్చును, దానికి అవతలి కాలమును వేరుగ మూటకట్టుకొనవలెను.

మూడవది, సెలవులును ఖాళీయును. చూడబోవు చోటు ఏ వారము మూసియుండునో ముందుగా విచారింపుడు. నాలుగు దినములకొక దినము ఏ బండి పేరును వ్రాయక వదలుడు. పాసు దినము వృథాయగునని బెంగ వలదు. బండి యెక్కని దినము పోయిన దినము కాదు. ఆ పుస్తకములోని ఎఱ్ఱగీత నన్ను మోసగించినది, మిమ్ము మోసగింపకుండుగాక.

మన దేశమునకు వచ్చు అతిథుల మాట ఏమి? పాసు పోయినను దారి మూసుకొనలేదు. విదేశయాత్రికులకు కొన్ని బండ్లలో ప్రత్యేకముగ చోట్లు కేటాయింపబడి యున్నవి. వారు ఏడాది ముందుగనే బెర్తు నిర్ణయించుకొనవచ్చును. ఇక వారికిని మనకును సమానముగ దొరకునది వలయ ప్రయాణపు టిక్కెట్టు. బయలుదేరిన స్టేషనుకే తిరిగి చేరు పర్యటనకు దీనిని ఇత్తురు. దారిలో ఎనిమిది చోట్లవరకు దిగి ఆగవచ్చును. దూరము పెరిగినకొలది కిలోమీటరునకు వెల తగ్గును. చెన్నపట్టణము, నెల్లూరు, విజయవాడ, గుంతకల్లు, హోసపేట చూచుకొని, రేణిగుంట మీదుగ తిరిగి చేరినచో, రాయలవారి దిగ్విజయపు జాడలు పెక్కు ఒక్క టిక్కెట్టులో ఇముడును.

నడికుడినుండి శ్రీకాళహస్తికి 309 కిలోమీటర్ల క్రొత్త రైలుమార్గము నిర్మాణములో నున్నది. అది వింజమూరు, ఆత్మకూరు ప్రాంతములగుండ పోవును. ఆ పడమటి సీమ పల్లెలకు బండికూత ఇంటిముంగిట వినబడుట పెద్ద సంగతి. ఆ దినము వచ్చినప్పుడు, రైలును, కొండకు పోవు బస్సును, దారిచూపు మనిషిని కలిపి ఒక్క టిక్కెట్టుగ ఇచ్చినచో, ఉదయగిరికిని, కొయ్య చెంచాలు చెక్కు ఆ యిండ్లకును మేలగును. రైలు ఆత్మకూరువరకు వచ్చును గాని కొండమీదికి రాదు గదా. ఆ మిగిలిన దూరమును కాలినడకనే పోవలెను, పొద్దుగూకువరకు ఉండవలెను.

ఈ సంక్రాంతికి మా పినతండ్రిగారి కుమారుడు వచ్చుచున్నాడు. అతిథిని వెంట తీసికొనిరమ్మని వ్రాసితిని. తిరుగుప్రయాణమునకు ఏ బండిలోను బెర్తు నిర్ణయింపవలదని కూడ వ్రాసితిని.