గాలిపటము కట్టువారికి కొన్ని సూచనలు
(ఉపన్యాస పాఠము)



ఆకాశమున ఎగురు వస్తువును తన చేతులతో నిర్మింపవలెనను కోరిక మానవునికి అనాదిగా కలదు. విమానమును కట్టుట అందరికిని సాధ్యము గాదు. గాలిపటమును పదియేండ్ల బాలుడైనను కట్టగలడు. కాని రెండింటికిని మూలవిద్య ఒక్కటే. అమెరికా దేశపు రైటు సోదరులు 1903లో విమానమును ఎగురవేయుటకు ముందు, 1899లో అయిదడుగుల గాలిపటమును కట్టి, రెక్కలను మెలిపెట్టి నడపు విధమును పరీక్షించిరి.

ఈ విద్యను చూడగోరువారు సంక్రాంతికి ముందు హైదరాబాదు పాతబస్తీకి పోవలెను. ధూల్‌పేటలో పతంగులు కట్టుటయే వృత్తిగా గల కుటుంబములు కలవు. చార్మినారు చెంత గుల్జార్ హౌజు వద్ద అవి విక్రయమగును. చేయి తిరిగిన పనివారికి అది క్షణములలో ముగియు పని. క్రొత్తవాడు మాత్రము తొందరపడరాదు.

మొదట పుల్లలను చూడవలెను. నడుమ నిలుచు వెన్నుపుల్ల నిటారుగను, అడ్డముగా వంచు పుల్ల సన్నముగను ఉండవలెను. అడ్డుపుల్లను నడిమికి వ్రేలిపై నిలిపినచో ఏ ప్రక్కకును వ్రాలరాదు. వ్రాలినచో బరువైన ప్రక్కను చాకుతో గీకవలెను. జిగురు పలుచగా పూయవలెను. ఎక్కువైనచో బరువు పెరుగును, కాగితము ముడుతలు పడును.

తరువాతిది సూత్రము. దాని ఒక కొసను పుల్లలు రెండును కలియుచోటను, రెండవ కొసను వెన్నుపుల్ల క్రిందిభాగమునను కట్టుదురు. పైదారము కొంచెము పొట్టిదైనచో పటము ముందునకు వాలును. గాలి జోరుగా ఉన్ననాడు అది మేలు. మరీ పొట్టిదైనచో పటము లేవదు. మరీ పొడవైనచో గాలికి ఎదురొడ్డునే గాని పైకెక్కదు. కావున పెసరగింజంత మార్చి, ఎగురవేసి చూచి, మరల మార్చవలెను. ఒకేసారి రెండు మార్పులు చేసినచో దోషమెందున్నదో తెలియదు.

ఈ ఓర్పు లేకున్న ఏమగునో చరిత్ర తెలుపుచున్నది. ఫ్రాన్సు దేశస్థుడు హెన్రీ మిన్యే సామాన్యులు ఇంటనే కట్టుకొనదగిన చిన్న విమానమును రూపొందించి, 1934లో ఆ విధమును పుస్తకముగా ప్రకటించెను. దానిని చదివి పలువురు కట్టిరి. ముక్కు బాగుగా క్రిందికి వ్రాలినచో మరల లేవని దోషము అందుండెను. కొందరు మరణించిన పిదపగాని గాలిసొరంగపు పరీక్షలలో ఆ దోషము బయటపడలేదు. పుస్తకమున ఉన్నంత మాత్రమున పరీక్ష మానరాదు.

కడపటి సూచన దారమును గూర్చినది. జాతీయ హరిత న్యాయస్థానము 2017లో నైలాను మాంజాను దేశమంతటను నిషేధించెను. అయినను 2024 జనవరిలో హైదరాబాదు లంగర్‌హౌజు వద్ద మోటారుసైకిలుపై పోవుచున్న సైనికుడొకడు మెడకు మాంజా కోసుకొని మరణించెను. ఆయనకు ఆ పటముతో సంబంధమేమియు లేదు. తన దారిన తాను పోవుచుండెను. పైకి చూచుచు ఆడువానికి క్రింద నడచువాడు కనబడడు. కావున పటము కట్టువాడు ముందుగా వానిని తలచుకొనవలెను. నూలుదారమునే వాడవలెను, బాటకును, కరెంటుతీగలకును దూరముగా, బయలునేలలో ఎగురవేయవలెను.

ఈ గ్రంథాలయమునకు వచ్చు బాలబాలికలు రాబోవు సంక్రాంతికి తమ పటములను తామే కట్టి, ఎవరికిని కీడు కలుగకుండ ఎగురవేయుదురు గాక!