పిల్లలు చేయగల సదఖా



ఇంతసేపూ జకాత్, సదఖా లెక్కలు విన్నాం. మా దగ్గర డబ్బు లేదు కదా, మేమేం ఇవ్వగలం అని పిల్లలకు అనిపించి ఉంటుంది. ముస్లిం నాటిన చెట్టు నుంచి మనిషి తిన్నా, పశువు తిన్నా, పక్షి తిన్నా అది అతనికి సదఖాయేనని హదీసు చెబుతోంది. దప్పికతో అల్లాడే కుక్కకు బావిలో దిగి, తన తోలు జోడులో నీళ్లు తెచ్చి తాగించిన మనిషిని అల్లాహ్ క్షమించాడని మరో హదీసు. ఈ దానానికి జేబులో పైసా అక్కరలేదు.

మన మేళ్లచెరువుది సున్నపురాయి నేల. గనులు, సిమెంటు కర్మాగారాలు ఎన్నో ఇళ్లకు బతుకుతెరువు ఇచ్చాయి. కానీ గని తవ్విన చోట చెట్టు నిలవదు. అందుకే చెరువు కట్ట, పొలం గట్ల మీది తాళ్లు, మన పెరటి వేపలు పిట్టలకు మరింత అవసరం.

పిల్లలూ, తాటి తొర్రలోంచి చిలుక పిల్లను తీయకండి. చిలుకను పంజరంలో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఈ మాట పెద్దలకు కూడా చెబుతున్నాను. ఒక ప్రయాణంలో సహాబాలు పిట్ట పిల్లలను తీసుకొస్తే, తల్లి పిట్ట తల్లడిల్లడం చూసి దైవప్రవక్త (స) వాటిని తిరిగి ఇచ్చేయమన్నారు.

పాలపిట్ట 2014 నుంచి తెలంగాణ రాష్ట్ర పక్షి. పొలంలో మిడతలను, పురుగులను తింటుంది. దాన్ని గులేరుతో కొడితే నష్టం రైతుకే.

ఎండాకాలం డాబా మీద నీడలో ఒక మూకుడు నీళ్లు పెట్టండి. చిన్న పిట్ట మునగకుండా అందులో ఒక రాయి వేయండి. దోమలు చేరకుండా రోజూ నీళ్లు మార్చండి.

చైనా మాంజా కొనకండి. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే దాన్ని దేశమంతటా నిషేధించింది. నూలు దారమైనా సరే, పండుగయ్యాక చెట్లకు, తీగలకు వేలాడితే పిట్టల రెక్కలు అందులో చిక్కుకుంటాయి. చేతికందిన దారాన్ని చుట్టి చెత్తబుట్టలో వేయండి. కరెంటు తీగల జోలికి మాత్రం పోకండి, పెద్దలకు చెప్పండి.

సంఘం పెద్దలకు ఒక మనవి. వచ్చే ఏడు ఈ సభలో జకాత్ లెక్క తర్వాత, ఎన్ని ఇళ్ల మీద నీళ్ల మూకుడు పెట్టారో, ఎన్ని పంజరాలు ఖాళీ అయ్యాయో ఆ లెక్క పిల్లల చేత చదివించండి.

అల్లాహ్ మన పిల్లల మనసుల్లో కరుణ నింపుగాక. ఆమీన్.