కొండగాలి మోసిన విమానం

(పంచభూతాలపై జరిగిన ప్రసంగ పరంపరలో వాయువును గురించి చేసిన ప్రసంగ పాఠం)



ఈ ప్రసంగ పరంపరలో నా వంతుకు వాయువు వచ్చింది. ప్రాణాపానాదులను గురించి, ప్రాణాయామాన్ని గురించి సాధికారంగా చెప్పగల పెద్దలు ఈ సభలోనే ఉన్నారు గనుక నేను ఆ జోలికి పోను. ఇంజను అనేది లేకుండా, కేవలం గాలిని నమ్ముకొని, ఒక మనిషి కొండల వరుస వెంట నూరు కిలోమీటర్లు ప్రయాణించిన ఉదంతాన్ని మీకు వినిపిస్తాను.

మెట్లదారిన కొండ ఎక్కినవారందరికీ ఒక సంగతి తెలుసు. లోపలి మలుపుల్లో ఆకైనా కదలదు. అంచుకు రాగానే ఉత్తరీయం ఎగిరిపోతుంది. అక్కడ తలెత్తి చూస్తే గద్ద రెక్క ఆడించకుండా నిలిచి ఉంటుంది. మైదానం మీదుగా వచ్చిన గాలి కొండను తాకి, ముందుకు దారి లేక పైకి లేస్తుంది. ఆ గాలిలో గద్ద నిజానికి క్రిందికే జారుతూ ఉంటుంది. అయితే అది జారే వేగం కంటె గాలి లేచే వేగం అధికం. గ్లైడర్ అనే ఇంజను లేని విమానం చేసేదీ అంతే.

మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక వెర్సాయ్ సంధి జర్మనీలో విమానాల నిర్మాణంపై కఠినమైన ఆంక్షలు పెట్టింది. అక్కడి యువకులు ఇంజను లేని విమానాల వైపు మళ్లారు. 950 మీటర్ల ఎత్తుగల వాసర్‌కుప్పె కొండపై 1920 నుండి పోటీలు మొదలైనాయి. 1911లో ఆర్విల్ రైట్ అమెరికాలోని ఇసుకదిబ్బల మీద 9 నిమిషాల 45 సెకన్లు నిలవడమే అబ్బురమైతే, 1922 ఆగస్టులో వాసర్‌కుప్పెపై హెంట్జెన్ అనే యువకుడు మూడు గంటలు దాటించాడు.

అయితే గాలి లేచే చోటు చాలా ఇరుకు. కొండ ముఖానికి ముందు, శిఖరానికి కొంచెం పైన, ఒక పట్టీ వలె మాత్రమే అది ఉంటుంది. శిఖరం దాటి వెనుకకు పోతే అదే గాలి క్రిందికి దొర్లుతుంది. అందులో చిక్కిన గ్లైడరును చెట్ల మీదికి తోసివేస్తుంది. అందుచేత పైలట్ ఏ మలుపు తిరిగినా కొండకు ఎదురుగా, గాలి వచ్చే వైపుకే తిరగాలి. కొండను ఆనుకొని రెండు గ్లైడర్లు ఎదురుపడితే, కొండ ఎడమచేతి వైపు ఉన్నవాడు తప్పుకోవాలి. కొండ కుడివైపు ఉన్నవాడికి తప్పుకొనే చోటు ఉండదు గదా. ఈ నియమం నాకెంతో ముచ్చటగా తోస్తుంది.

ఇక వాతావరణం మారితే? గాలి కొండకు ఎదురుగా కాక కొండ వెంబడి వీచసాగితే, వేగం తగ్గకపోయినా ఆధారం పోతుంది. మేఘాలు దిగివస్తే శిఖరమే కనబడదు. ఉరుముల మేఘం సమీపిస్తే దాని ముందున్న గాలి ఒక్కసారిగా పైకి లేస్తుంది. మొదట అది వరమనిపిస్తుంది. 1926 ఆగస్టులో మాక్స్ కేగెల్ వాసర్‌కుప్పె వాలుపై ఎగురుతుండగా అటువంటి మేఘం ఆయనను లోపలికి లాక్కుపోయింది. నేల కనబడనప్పుడు రెక్కలు సమంగా ఉన్నాయో లేవో తెలిపే పరికరాలు ఆనాటి గ్లైడర్లలో లేవు. మేఘం ఆయనను ఎగరవేసి, కుదిపి, చివరకు విడిచిపెట్టింది. ప్రాణాలతో 55 కిలోమీటర్ల దూరాన దిగాడు. నాటి నుండి తోటివారు ఆయనను ఉరుముల మాక్స్ అని పిలిచేవారు. ఆ దూరాన్ని అందరూ కీర్తించారు గాని, అందులో ఆయన ఎన్నుకున్నది ఎంత, మేఘం ఎన్నుకున్నది ఎంత అని నాకు అనిపిస్తుంది.

నేను చెప్పదలచిన మనిషి రాబర్ట్ క్రోన్‌ఫెల్డ్. ఆయన 1904లో జన్మించిన ఆస్ట్రియా దేశీయుడు. గ్లైడరుపై నూరు కిలోమీటర్లు దాటినవారికి ఒక జర్మన్ పత్రిక బహుమతి ప్రకటించింది. దానికి ఆయన ఎన్నుకున్నది ట్యూటోబుర్గ్ అడవికొండల వరుస. ఎక్కడా 450 మీటర్లకు మించని, సన్నని, వాయవ్యం నుండి ఆగ్నేయానికి గోడ వలె సాగిన వరుస అది. నైరుతి గాలి వీస్తేనే దాని వాలున ఆధారం దొరుకుతుంది. గాలి దిక్కు మారితే వరుస ఉన్నా లేనట్లే.

1929 మే 15న ఆయన బయలుదేరాడు. విమానం పేరు 'వీన్', అంటే వియన్నా. రెక్కల వెడల్పు 19 మీటర్లకు పైమాటే. అది నిశ్చలమైన గాలిలో ఒక మీటరు దిగుతూ సుమారు 20 మీటర్లు ముందుకు పోగలదు. ఈ లెక్క గుర్తుంచుకోండి. కొండ అంతటా అవిచ్ఛిన్నంగా ఉండదు. బీలెఫెల్డ్ పట్టణం వద్ద తెగి దారి ఇస్తుంది. అటువంటి ఖాళీ ఒక కిలోమీటరు ఉంటే, దాటడానికి కనీసం 50 మీటర్ల ఎత్తు ఖర్చు. క్రిందికి దిగే గాలి తగిలితే ఖర్చు ఇంకా పెరుగుతుంది. ఆ ఎత్తును ఇవతలి కొండపైనే కూడబెట్టుకోవాలి. ఖాళీలోకి దిగాక సంపాదించుకొనేది ఏమీ ఉండదు. అవతలి వాలుకు శిఖరం కంటె దిగువన చేరితే, గాలి ఇంకా పైకి ఎత్తుతుందో, చెట్ల మధ్య దిగవలసి వస్తుందో ఆ క్షణం వరకు తెలియదు. కనుక ముందుకు పోవడం కంటె, ఖాళీ ముందు అటూ ఇటూ తిరుగుతూ వేచి ఉండడం ఇక్కడ కష్టమైన పని. ఆలస్యం చేస్తే గాలి చల్లారవచ్చు. తొందరపడితే ఎత్తు చాలదు.

ఆయన వద్ద వేరియోమీటర్ అనే పరికరం ఉండేది. వేడినీళ్లకు వాడే ఫ్లాస్కు వంటి సీసాలోని గాలికి, బయటి గాలికి గల పీడనభేదాన్ని బట్టి విమానం లేస్తున్నదో దిగుతున్నదో అది చూపుతుంది. మెల్లగా నిలకడగా లేస్తున్నామా, దిగుతున్నామా అన్నది మన దేహం గ్రహించలేదు. ముందు సంవత్సరమే క్రోన్‌ఫెల్డ్ దీనిని వాడి చూశాడు.

ఆనాడు ఆయన నూరు కిలోమీటర్ల హద్దు దాటి దిగాడు. రెండు నెలల తరువాత, జూలైలో, వాసర్‌కుప్పె నుండి ఉరుముల మేఘపు ముందంచున సాగి దాదాపు 150 కిలోమీటర్లు వెళ్లాడు. కేగెల్ ఎదుర్కొన్నటువంటి మేఘమే అది. ఈయన దాని లోపల చిక్కకుండా ముందంచునే పట్టుకొని పోయాడు. 1931లో గ్లైడరుపైనే ఇంగ్లీషు ఛానెల్‌ను అటూ ఇటూ దాటాడు.

ఆయన యూదుడు. 1933లో నాజీలు అధికారంలోకి రాగానే జర్మనీ గగనతలం ఆయనకు మూసుకుపోయింది. ఇంగ్లండు చేరి, యుద్ధకాలంలో బ్రిటిష్ వైమానిక దళంలో పనిచేశాడు. 1948 ఫిబ్రవరిలో తోకలేని ఒక గ్లైడరును పరీక్షిస్తుండగా అది అదుపు తప్పింది. తోడున్నవాడు పారాచూట్‌తో బయటపడ్డాడు, క్రోన్‌ఫెల్డ్ మరణించాడు.

ట్యూటోబుర్గ్ కొండల పాదాన ఓర్లింగ్‌హౌజెన్‌లో నేటికీ పెద్ద గ్లైడరు కేంద్రం ఉంది. నైరుతి గాలి వీచిన రోజున అక్కడివారు ఇప్పటికీ ఆ వరుసను ఆనుకొని ఎగురుతూ ఉంటారు.