రంపం మిషను మరమ్మతు నేర్చే పిల్లవాడికి ఏ పనిముట్లు ఇవ్వాలి?
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మాది బడిపంతులు ఉద్యోగం. ఉర్దూ మీడియం బళ్లో లెక్కలు చెప్పుకొనే మేము పానాల గురించి, రంపాల గురించి మాట్లాడటమేమిటని మీకు అనిపించవచ్చును. ఇవాళ్టి తీర్మానాలలో ఒకటి చదివి లేచాము. మెకానిక్కు పని నేర్చుకొంటున్న పదిమంది పిల్లలకు తలా ఒక పనిముట్ల పెట్టె బహుమతిగా ఇవ్వాలన్నది ఆ తీర్మానం. మంచి ఆలోచనే. అయినా దానికి మేము అడ్డు చెబుతున్నాము. పిల్లలకు సాయం చేయండి, పెట్టె మాత్రం ఇవ్వకండి అని మా మనవి. ఎందుకో చెబుతాము.

ఆ పదిమందిలో ముగ్గురు చెట్లు కోసే రంపం మిషన్లు, అంటే చెయిన్ సాలు, బాగుచేసే పనిలో ఉన్నారు. మన ఊరికి ఈ పని హుద్‌హుద్ తరువాత బాగా పరిచయమైంది. 2014 అక్టోబరు 12న ఆ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు గంటకు 170, 180 కిలోమీటర్ల గాలి వీచింది. మర్నాడు గుమ్మం దాటితే వీధి కనపడలేదు, అన్నీ పడిపోయిన చెట్లే. గొడ్డలితో ఒక్క మాను తీయడానికి పూట పట్టే చోట మిషను నిమిషాల్లో తీసింది. 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చి శ్రీకాకుళం జిల్లాలో కొబ్బరి, జీడిమామిడి తోటలను పడగొట్టినప్పుడూ ఇదే పని. తుపాను లేని రోజుల్లో సరుగుడు తోటల వాళ్లున్నారు, కరెంటు తీగల కింద కొమ్మలు కొట్టేవాళ్లున్నారు. మిషన్లు కొన్నవారు చాలామంది, బాగుచేయగలవారు కొద్దిమంది. అందుకే ఈ పిల్లలు ఎంచుకొన్న దారి మంచిదని మేమే ఇళ్లకు వెళ్లి తల్లిదండ్రులకు నచ్చజెప్పాము.

మా దగ్గర ఏడో తరగతి దాకా చదివిన ఒక అబ్బాయి గాజువాక వైపు ఒక ఉస్తాద్ దగ్గర చేరాడు. ఉత్సాహం కొద్దీ మేము, మరి ఇద్దరు స్నేహితులము చందా వేసుకొని వాడికొక పెట్టె కొనిపెట్టాము. తళతళ మెరిసే పెట్టె. యాభైకి దగ్గరగా ముక్కలు. ధర చూస్తే చవకే. మా ఆనందానికి అంతులేదు.

మూడో వారంలో ఒక సరుగుడు కోతవాడు మిషను తెచ్చాడు. ఆ మిషనుకు ఆరు కోణాల నక్షత్రం తల మరలు ఉంటాయి. టార్క్స్ అంటారు, నంబరు టి-27. స్టిల్ మిషన్లలో దాదాపు అన్నిటికీ ఇదే కొలత. మేమిచ్చిన పెట్టెలో టి-27 ఉన్నది కానీ మెత్తటి ఉక్కు. రెండో మరకే మెలి తిరిగిపోయింది. పిల్లవాడు భయపడి నాలుగు మిల్లీమీటర్ల ఎలన్ కీ అందులో దూర్చి తిప్పాడు. దూరుతుంది, అదే ప్రమాదం. మర తల గుండ్రంగా అరిగిపోయింది. దాన్ని తీయబోయి డ్రిల్లు పెడితే మిషను ఒడ్డీలో మరచుట్లు పోయాయి. ఒడ్డీ మెగ్నీషియం కలిసిన తేలిక లోహం, మొరటుతనం ఓర్చుకోదు. కోతవాడు పని పోయిందని గోల పెట్టాడు. నష్టపరిహారం ఆ పిల్లవాడి తల్లి కుట్టుపని మీద కూడబెట్టిన డబ్బులోనుంచి వెళ్లింది.

"పానా జారింది సార్, నేను జారలేదు" అన్నాడు వాడు, తల వంచుకొని. వాడు పని మానేస్తానంటే ఉస్తాద్ ఒప్పుకోలేదు. మమ్మల్ని పక్కకు పిలిచి, "మాస్టారూ, పుస్తకం కొనేటప్పుడు లోపల చూస్తారు గదా, పెట్టె కొనేటప్పుడు పైన చూశారేం?" అన్నాడు. సిగ్గుపడ్డాము. ఆ తరువాత నాలుగైదు ఆదివారాలు ఆయన కొట్లో స్టూలు వేసుకు కూర్చుని నేర్చుకొన్నదే ఇప్పుడు మీకు చెబుతున్నాము.

కొట్టుకు వచ్చే మిషన్లలో చాలా వాటికి రోగం చిన్నదే. చెయిన్ మొద్దుబారి ఉంటుంది. గాలి ఫిల్టరు రంపపు పొట్టుతో పూడిపోయి ఉంటుంది. ప్లగ్గు నల్లబడి ఉంటుంది. నెలల తరబడి టాంకులో ఉన్న పెట్రోలు పాడై ఉంటుంది. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాలు కలుపుతున్నారు కదా, అది తేమను లాగుతుంది. నిలవ ఉంటే కార్బొరేటరులోని పల్చటి పొర గట్టిపడుతుంది. ఈ పనులకు కావలసిన సామాను ఎంత? మిషనుతోనే వచ్చే టీ ఆకారపు పానా, దాని ఒక వైపు 19 ప్లగ్గుకు, రెండో వైపు 13 బారు నట్టుకు. పిడి ఉన్న మంచి టి-27 ఒకటి. నాలుగు, అయిదు మిల్లీమీటర్ల ఎలన్ కీలు. కార్బొరేటరు మరలకు సన్నమూతి స్క్రూడ్రైవరు. పాత టూత్ బ్రష్షు. ఇక ఆకురాళ్లు. ఇవన్నీ విడివిడిగా, తపారియా వంటి పేరున్న సరుకే కొన్నా, మేము ఆ మెరిసే పెట్టెకు పోసిన డబ్బుకు మించలేదు.

ఆకురాయి దగ్గర కాసేపు ఆగాలి. మన ఇళ్లలో రేతీ అంటాము. చెయిన్‌కు కావలసినది గుండ్రటి ఆకురాయి, అదీ చెయిన్ కొలతను బట్టి. చిన్న మిషన్ల సన్న చెయిన్‌కు 4 మిల్లీమీటర్లు, పాయింట్ 325 చెయిన్‌కు 4.8, పెద్ద మూడెనిమిదుల చెయిన్‌కు 5.2 గానీ 5.5 గానీ. కొలత తప్పితే పన్ను పదును పోయి వంకీ పోతుంది. ముందుకు తోసేటప్పుడే కోయాలి, వెనక్కి లాగేటప్పుడు ఎత్తాలి. సుమారు 30 డిగ్రీల వాలు. పన్నుకు పన్నుకు తోపుల లెక్క ఒకటే ఉండాలి, లేకపోతే మిషను ఒక పక్కకు లాగుతుంది. ఆ పళ్లు కుడి ఒకటి, ఎడమ ఒకటి ఎందుకున్నాయో అడిగితే ఉస్తాద్ నవ్వి ఊరుకొన్నాడు. మేమే చదివి తెలుసుకొన్నాము. అమెరికాలో ఆరెగాన్ అడవుల్లో జోసెఫ్ కాక్స్ అనే కట్టెలు కొట్టేవాడు 1946లో ఒక మోడులో పురుగు పిల్లను చూశాడట. అది నిలువు పేడునూ అడ్డ పేడునూ ఒకేలా, కుడి ఎడమల దవడలతో కొరుక్కుంటూ పోతున్నది. దాన్ని చూసే ఈ చెయిన్ చేశాడు. పంతులు పని మానలేదని మీరు నవ్వుకొంటున్నారు, నవ్వండి. కానీ ఈ కథ విన్న తరువాత మా పిల్లవాడు రెండు వైపులా పళ్లు లెక్కపెట్టి మరీ అరగదీస్తున్నాడు.

ఆకురాయి మాత్రం పాతది కొనకండి. అరిగిన ఆకురాయి కోయదు, రుద్దుతుంది. పాతవి కొనదగినవి బెంచి వైసు, సుత్తి, పట్టకారు, పోత కాకుండా సాగగొట్టి చేసిన పానాలు. ఆటోనగర్‌లో పాత సామాన్ల కొట్లలో ఓపికగా వెతికితే దొరుకుతాయి. పానా మూతి విచ్చుకొన్నదా, వైసు దవడలు సమంగా కలుస్తున్నాయా చూసుకొంటే చాలు.

కొన్ని పనిముట్లు కొననే అక్కరలేదు. క్లచ్చి విప్పేటప్పుడు పిస్టన్ తిరగకుండా ఆపాలి. దానికి కొట్లో ప్రత్యేకమైన బిరడా అమ్ముతారు. ఉస్తాద్ ప్లగ్గు తీసి ఆ రంధ్రంలోనుంచి పాత స్టార్టరు తాడు కొంత లోపలికి దూర్చి పని కానిచ్చేస్తాడు. పిస్టన్ పొగ రంధ్రాన్ని మూసిన తరువాతే తాడు దూర్చాలి, లేకపోతే తాడు ఆ రంధ్రంలో పడి తెగుతుంది. క్లచ్చిది ఎడమ మర అన్న సంగతీ మరవకూడదు. మామూలుగా బిగించే వైపుకు తిప్పితేనే ఊడుతుంది. కాయిలుకూ చక్రానికీ మధ్య 0.3 మిల్లీమీటరు సందు ఉండాలి, దానికి విజిటింగ్ కార్డు సరిపోతుంది. కంప్రెషన్ ఉన్నదా లేదా చూడాలంటే మిషనును స్టార్టరు పిడి పట్టుకొని వేలాడదీయాలి. ఆగి ఆగి దిగితే ఫరవాలేదు, జర్రున జారితే పిస్టను సంగతి చూడాలి.

అన్నిటికంటె మాకు నచ్చినది మరొకటి. ఒడ్డీలోకి ఎక్కడైనా దొంగగాలి పోతున్నదేమో చూడాలి. గాలి దూరితే పెట్రోలు, దానిలో కలిపిన ఆయిలు తగ్గి పిస్టన్ మాడి పట్టేస్తుంది. దీనికి అమ్మే గేజీ పిల్లవాడు కొనగలిగే ధర కాదు. ఉస్తాద్ దగ్గర ఉన్నది డాక్టరు పారేసిన బి.పి. మిషను బుడ్డీ, ముల్లు డబ్బా! సైలెన్సరు, కార్బొరేటరు రంధ్రాలు సైకిలు ట్యూబు ముక్కలతో మూసి, ఒక గొట్టం ద్వారా గాలి కొడతాడు. ముల్లు 300 దగ్గర, అంటే సుమారు 5.8 పౌండ్ల దగ్గర, నిలబడితే మంచిది. దిగిపోతుంటే సబ్బునీళ్లు పూసి బుడగ ఎక్కడ వస్తుందో చూస్తాడు. మన సంఘం వైద్య శిబిరం బీరువాలో ఇటువంటి బుడ్డీలు రెండు మూలపడి ఉన్నాయని కోశాధికారిగారికి గుర్తుచేస్తున్నాము.

ఒక విషయంలో చవక చూడవద్దు. చేతి తొడుగులు, కళ్లద్దాలు కొత్తవి కొనాలి. బాగుచేసిన మిషను నడిపి చూసేటప్పుడు బారు కొస మొద్దుకు తగిలితే మిషను వెనక్కి మొహం మీదికి లేస్తుంది. చెయిన్ బ్రేకు పనిచేయని మిషనును బాగైందని ఎవరికీ అప్పగించకూడదు.

ప్రభుత్వ సాయం అడగవచ్చు గదా అంటారేమో. 2023 సెప్టెంబరు 17న మొదలైన పి.ఎం. విశ్వకర్మ పథకంలో పనిముట్లకు 15 వేల రూపాయల దాకా ఇస్తారు. వడ్రంగి, కమ్మరి, తాళాలు చేసేవారు, దర్జీ, ఇలా 18 వృత్తులకు. ఇంజన్ మెకానిక్కు అందులో లేడు. కనుక ఈ పిల్లలకు మనమే దిక్కు.

అందుచేత మా ప్రతిపాదన ఇది. ఈ ముగ్గురికీ పైన చెప్పిన కొద్దిపాటి సామాను విడివిడిగా కొనివ్వండి. మిగిలిన డబ్బుతో కంప్రెషన్ గేజీ, చక్రం ఊడదీసే పుల్లరు, మంచి వైసు కొని సంఘం పేర ఒక్కచోట పెట్టండి. రిజిస్టరులో సంతకం చేసి తీసుకెళ్లడం, మూడు రోజుల్లో తిరిగివ్వడం. రిజిస్టరు మేము రాస్తాము, అది మాకు వచ్చిన పనే. మిగతా ఏడుగురికి ఏమి కావాలో వాళ్ల ఉస్తాద్‌లను అడిగి రాసుకొస్తాము.

నష్టపరిహారం కట్టిన ఆ తల్లి డబ్బు కూడా ఇంకా బాకీ ఉన్నది. అది సంఘానిది కాదు, పెట్టె కొన్న మా ముగ్గురిదీ. సగం ఇచ్చాము, మిగతా సగం పండుగ లోపల ఇస్తాము. ఆ పిల్లవాడు ఇప్పుడు ఉస్తాద్ కొట్టులోనే ఉన్నాడు. వచ్చే ఆదివారం ఉదయం వాడిని వెంటబెట్టుకొని ఆటోనగర్‌కు వైసు చూడటానికి వెళుతున్నాము. రాదలచినవారు తొమ్మిదింటికి బడి గేటు దగ్గరకు రావలసిందిగా కోరుతున్నాము.