ప్రయాణించే హక్కు, పోలీసు విధేయత
(సంస్థ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్కాలర్‌షిప్పులు, రేషన్ కిట్లు, వైద్య సహాయం గురించి కార్యదర్శి గారు నివేదిక చదివారు. నాకు అప్పగించిన విషయం వేరు. రాజ్యాంగం మనకు ఇచ్చిన తిరిగే స్వేచ్ఛ ఎంత? దానికి కాపలా ఉండవలసిన పోలీసు ఎవరికి విధేయుడు? దానధర్మాల సభలో ఈ మాటలెందుకని కొందరికి అనిపించవచ్చు. చివరికి దానం దగ్గరికే వస్తాను.

ఈ విషయం మీద మన ఇళ్లలో, హోటళ్లలో, మసీదు మెట్ల దగ్గర రెండు వాదనలు వినిపిస్తాయి. ఒకటి, 'తప్పు చేయనివాడికి భయమెందుకు, పోలీసులు అడిగింది చెప్పి వచ్చేస్తే సరిపోదా' అన్నది. రెండవది, 'హక్కులన్నీ పుస్తకంలోనే, స్టేషన్ గడప తొక్కాక ఏ హక్కూ పనిచేయదు' అన్నది. మొదటిది అమాయకత్వం, రెండవది నిరాశ. రెండింటి ఫలితం ఒకటే: మనిషి నోరు మూసుకుని కూర్చుంటాడు. మన రాజ్యాంగ చరిత్ర మాత్రం నోరు తెరిచి అడిగినవాళ్ల చరిత్ర.

ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే ఆయనను 1941లో ఒక దోపిడీ కేసులో పట్టుకున్నారు. సాక్ష్యం లేక వదిలేశారు. అయినా ఆయన పేరున హిస్టరీ షీట్ తెరిచారు. రాత్రిళ్లు వచ్చి తలుపు కొట్టేవారు. ఊరు దాటాలంటే ఎక్కడికి వెళుతున్నాడో, ఎప్పుడు తిరిగొస్తాడో చౌకీదారుకు చెప్పాలి. ఆయన కోర్టుకెక్కాడు. 1962 డిసెంబరులో సుప్రీంకోర్టు రాత్రి తనిఖీలను కొట్టివేసింది కాని, మిగతా నిఘాను అలాగే ఉండనిచ్చింది.

ఆ ధర్మాసనంలో మన తెలుగువాడు ఒకరు ఉన్నారు. రాజమండ్రిలో పుట్టి, ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన జస్టిస్ కోకా సుబ్బారావు. ఆయన, జస్టిస్ షా కలిసి మెజారిటీతో విభేదించారు. అడుగడుగునా పోలీసు కళ్లు వెంటాడుతుంటే దాన్ని స్వేచ్ఛగా తిరగడం అంటారా, అలాంటివాడికి దేశమంతా జైలే కదా అన్నది సుబ్బారావు గారి వాదన. ఆ రోజుకు అది ఓడిపోయిన మాట. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని తీర్పు చెప్పినప్పుడు, పాత తీర్పులో గోప్యతను కాదన్న భాగాన్ని తోసిపుచ్చారు. యాభై ఐదేళ్ల తరువాత ఆయన మాట గెలిచింది.

విదేశీ ప్రయాణం సంగతి చూడండి. కరీంనగర్, నిజామాబాద్, కడప, హైదరాబాద్ పాతబస్తీ నుంచి గల్ఫ్‌కు వెళ్లి ఇల్లు నిలబెట్టుకున్న కుటుంబాలు ఈ సభలోనే ఎన్నో ఉన్నాయి. వాళ్లకు పాస్‌పోర్టు అంటే అన్నం. 1967కు ముందు పాస్‌పోర్టు ఇవ్వడం, ఇవ్వకపోవడం పూర్తిగా సర్కారు ఇష్టం. దానికంటూ ఒక చట్టమే లేదు. సత్వంత్ సింగ్ సాహ్నీ అనే వ్యాపారి తన పాస్‌పోర్టులు అప్పగించమన్న ఉత్తర్వును ప్రశ్నించాడు. 1967 ఏప్రిల్ 10న సుప్రీంకోర్టు ముగ్గురు ఇద్దరి మెజారిటీతో, విదేశాలకు వెళ్లే హక్కు 21వ అధికరణంలోని వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమని, చట్టం లేకుండా దాన్ని తీసేయకూడదని చెప్పింది. అప్పుడు ప్రధాన న్యాయమూర్తి సుబ్బారావు గారే. ఆ మరునాడే ఆయన పదవి వదిలి రాష్ట్రపతి ఎన్నికలో నిలబడ్డారు. ఆయన మీద గెలిచి రాష్ట్రపతి అయినవారు హైదరాబాద్‌లో పుట్టిన డాక్టర్ జాకిర్ హుస్సేన్. ఆ తీర్పు వల్లే అదే ఏడాది పార్లమెంటు పాస్‌పోర్టుల చట్టం చేయవలసి వచ్చింది.

చట్టం వచ్చినా పేచీ తీరలేదు. 1977 జులైలో మేనకా గాంధీ గారి పాస్‌పోర్టును ప్రజాప్రయోజనం పేరుతో అప్పగించమన్నారు. కారణం అడిగితే చెప్పమన్నారు. 1978 జనవరి 25న వచ్చిన తీర్పు సారాంశం ఇది: చట్టం ఉంటే చాలదు, ఆ చట్టం నడిచే పద్ధతి న్యాయంగా, సబబుగా ఉండాలి, మనిషి మాట వినకుండా హక్కు తీసేయకూడదు. మాజీ ప్రధాని కోడలి కేసులో వచ్చిన ఈ సూత్రం నేడు తోపుడుబండి వాడికీ వర్తిస్తుంది. కాకపోతే అది ఉందని అతనికి తెలియాలి.

'తప్పు చేయనివాడికి భయమెందుకు' అనేవారికి మన ఊరి సంగతే జవాబు. 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగింది. నమాజుకు వచ్చినవాళ్లు ప్రాణాలు కోల్పోయారు. ఆ తరువాత యువకులు పలువురిని పట్టుకుని కేసులు పెట్టారు. ఆ కేసులు కోర్టులో నిలవలేదు. ప్రభుత్వం కొంత పరిహారం ఇచ్చింది కాని, 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. పేలుడు కేసులో తరువాత విచారణ ఎదుర్కొన్న ఐదుగురిని కూడా 2018 ఏప్రిల్ 16న ప్రత్యేక కోర్టు నిర్దోషులుగా విడిచిపెట్టింది. దీన్ని బట్టి ఏమర్థమవుతోంది? పద్ధతి తప్పిన దర్యాప్తు నిరపరాధి యౌవనాన్ని తినేస్తుంది, చనిపోయినవాళ్ల కుటుంబాలకూ న్యాయం దక్కనివ్వదు. కనుక హక్కులు, భద్రత ఒకదానికొకటి శత్రువులు కావు. నిజమైన దోషి దొరకాలంటే దర్యాప్తు సక్రమంగా ఉండాలి.

మరి పోలీసు ఎవరికి విధేయుడు? 1857 తిరుగుబాటు తరువాత ఇంగ్లీషువాళ్లు 1861లో పోలీసు చట్టం తెచ్చారు. పాలకుడి మాట జనం చేత వినిపించడానికి కట్టిన దళం అది. స్వతంత్రం వచ్చాక యూనిఫారం ఉంది, యజమాని మారాడు. 1960లో పోలీసు ఉన్నతాధికారుల సమావేశం ఆమోదించిన ప్రవర్తనా నియమావళిలో మొట్టమొదటి అంశమే రాజ్యాంగానికి విధేయత, పౌరుల హక్కుల పట్ల గౌరవం. అంటే అధికారంలో ఉన్న పార్టీకి కాదు, వీధిలో బలమైనవాడికీ కాదు. ఇది ఆచరణలో కుదరాలనే మాజీ డీజీపీ ప్రకాశ్ సింగ్ గారు 1996లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2006 సెప్టెంబరు 22న కోర్టు ఏడు ఆదేశాలిచ్చింది. రాజకీయ ఒత్తిడి నుంచి రక్షణ, కీలక అధికారులకు కనీసం రెండేళ్ల పదవీకాలం, ఫిర్యాదుల ప్రాధికార సంస్థలు వాటిలో ఉన్నాయి. నిజాయితీగా పనిచేసే ఎస్సైకి బదిలీ భయం లేకుండా చేయమని అడగడం కూడా పౌరుడి పనే. పోలీసును తిట్టి ఊరుకుంటే ఆ పని జరగదు.

ఇక ప్రతి ఇంట్లో తెలిసి ఉండవలసినవి కొన్ని చెబుతాను. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి, వకీలును సంప్రదించనివ్వాలి. ఇది 22వ అధికరణం. ముందస్తు నిర్బంధ చట్టాలకు మాత్రం వేరే నియమాలున్నాయి. 1996 నాటి డి.కె. బసు తీర్పు ప్రకారం పోలీసు పేరు పట్టీ కనిపించాలి, సాక్షి సంతకంతో అరెస్టు మెమో రాయాలి, ఇంటివారికి కబురు చేయాలి. సాక్షిగా విచారించడానికి స్త్రీలను స్టేషన్‌కు పిలిపించకూడదు, వాళ్లుండే చోటికే రావాలి. కస్టడీలో ఉన్నవారికి, స్త్రీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. ఫోన్ నంబరు 15100.

పాస్‌పోర్టు విషయంలో: దరఖాస్తు తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగవచ్చు. దేశ భద్రత వంటి కొద్ది సందర్భాల్లో తప్ప ఇవ్వాలి. అప్పీలు కూడా ఉంది. కోర్టులో క్రిమినల్ కేసు నడుస్తున్నా దారి పూర్తిగా మూసుకుపోదు. 1993 నోటిఫికేషన్ ప్రకారం ఆ కోర్టు అనుమతి తెచ్చుకుంటే పరిమిత కాలానికి పాస్‌పోర్టు ఇస్తారు. పోలీసులు పాస్‌పోర్టును స్వాధీనం చేసుకోగలరు కాని, దాన్ని జప్తు చేసి ఉంచే అధికారం పాస్‌పోర్టు అధికారిదేనని 2008లో సురేశ్ నందా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇది తెలియక ఏజెంట్ల చుట్టూ తిరిగి వేలు పోగొట్టుకుంటున్నారు, వీసా గడువూ దాటిపోతోంది.

దాతలారా, ఇప్పుడు దానం మాట. హక్కు ఉచితమే, దాన్ని నిలబెట్టుకోవడానికే ఖర్చు. రాత్రి పదకొండింటికి కొడుకును తీసుకెళ్లారని ఏడుస్తూ వచ్చిన తల్లికి ఆ క్షణాన కావలసింది రేషన్ కిట్టు కాదు, పక్కన నిలబడే వకీలు. అందుకని మూడు పనులు కోరుతున్నాను. ఒకటి, లెక్కలు విడిగా చూపే న్యాయ సహాయ నిధి, పిలిస్తే వచ్చే నలుగురు వకీళ్ల పట్టిక. రెండు, నెలకొక రోజు పత్రాల శిబిరం. ఆధార్‌లో ఒక స్పెల్లింగు, మార్కుల మెమోలో మరొకటి ఉండి ఆగిపోయే పాస్‌పోర్టులను సరిచేయించడానికి. మూడు, ఎస్సై, కానిస్టేబుల్ పరీక్షలు రాసే మన ఆడపిల్లలకు, మగపిల్లలకు కోచింగ్ ఫీజు. పోలీసు మారాలని కోరేవాళ్లు పోలీసులో చేరాలి కూడా.

జకాత్ ఇవ్వదగిన ఎనిమిది పద్దుల్లో బంధవిముక్తి ఒకటి. జామీను దొరికినా పూచీకత్తు కట్టలేక జైల్లో మగ్గేవారికి అది వర్తిస్తుందా అన్నది ఉలమాను అడిగి తేల్చుకుందాం. సదఖాకు ఆ పరిమితి లేదు. ఈ నిధి నేరస్థుణ్ణి దాచడానికి కాదు. దోషికి శిక్ష పడాలి, కాని పద్ధతి ప్రకారం పడాలి. సాయం కోరి వచ్చినవారి మతం కూడా అడగవద్దు; బస్తీలో గరీబు ఎవరైనా గరీబే.

వచ్చే ఏడాది ఇదే వేదిక మీద కార్యదర్శి గారి నివేదికలో ఈ నిధికి ఒక పేజీ ఉండాలని, అందులో ఎంతమంది ఇంటికి తిరిగి వచ్చారో, ఎంతమంది విమానం ఎక్కారో అంకెల్లో రాసి ఉండాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.  ఖుదా హాఫిజ్. జై హింద్.