చెక్కపెట్టెలోని నేర్పు



మన ఖాజాగూడనుండి సాలార్‌జంగు మ్యూజియమునకు పోయినవారు గంట కొట్టెడి గడ్డపు బొమ్మనే చూచి వత్తురు. అచ్చటనే యున్న బ్రాకెట్ గడియారములకడ నిలుచువారు అరుదు. నేను చెప్పబోవునది ఆ జాతి గడియారములను గూర్చియే.

1656లో డచ్చి పండితుడు హైగెన్సు గడియారమునకు లోలకమును కూర్చెను. అటుపిమ్మట ఇంగ్లండులో, బల్లపైనో గోడపీటపైనో నిలుపుటకు ఇవి పుట్టినవి. ఓకు చెక్కపై నల్లని ఎబొనీ పొర నంటించి, గదినుండి గదికి మోయుటకై నెత్తిన ఇత్తడి పిడి నమర్చిరి. వెనుకనున్న ఇత్తడి పలకపై లతలు చెక్కిరి. గోడవైపు తిరిగియుండు వీపునకు అంత సొగసేల యని నాకొక సందేహము!

అసలు నేర్పు లోపలనున్నది. కీ యిచ్చిన వెంటనే స్ప్రింగు గట్టిగా లాగును, పోనుపోను సడలును. కాలమట్లు నడువరాదు గదా! అందులకై బొంగరమువంటి చక్రమునకు మరచుట్టు గాడి తీసి గొలుసు చుట్టిరి. బలమున్నప్పుడు గొలుసు సన్నని కొనను లాగును, సడలినప్పుడు లావు మొదటిని. జమాఖర్చు సరిపోవును. లెక్కలు వ్రాయువానికి ఇంతకంటె ముచ్చటైన యంత్రము లేదు.

18వ శతాబ్ది చివరినుండి ఇట్టి గొలుసులను ఇంగ్లండులోని క్రైస్టుచర్చిలో స్త్రీలు, పేదలశాల బాలికలు చేసిరి. అతి సూక్ష్మమైన లంకెలను కూర్చి కూర్చి చూపు చెడగొట్టుకొనిరి. ముఖఫలకముపై గడియారపు వర్తకుని పేరుండును. వారి పేరు ఎచ్చటను లేదు.

నేడు పాత గడియారము ఆగినచో లోపలి యంత్రమును తూకమున కమ్మి, పెట్టెలో బ్యాటరీ యంత్రము బిగించుచున్నారు. మీ యింట నట్టిది యున్నచో, యంత్రమును పెట్టెలోనే యుంచి, తెలిసిన పనివానికై వెదకుడు.