మెదడులో పెద్ద ఉబ్బు: వైద్యం, ఫలితాలు
(సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 నేను డాక్టరును కాను. ముప్పై నాలుగేళ్ళు ఫైళ్ళు నడిపిన గుమాస్తాను. మా కుటుంబంలో వచ్చిన ఒక జబ్బు గురించి అడిగీ, చదివీ తెలుసుకున్నది నలుగురికీ చెప్పమని కార్యదర్శి గారు కోరినందున మాట్లాడుతున్నాను.

మెదడుకు రక్తం తీసుకువెళ్ళే ధమని గోడ ఒకచోట బలహీనపడి బుడగలా ఉబ్బితే ఎన్యూరిజమ్ అంటారు. అడ్డకొలత 25 మిల్లీమీటర్లు, అంటే సుమారు అంగుళం, లేదా అంతకు మించితే అది జెయింట్ ఎన్యూరిజమ్. ఉసిరికాయంత అనుకోండి. అది పగిలితే మెదడు చుట్టూ రక్తస్రావం అవుతుంది. పగలకపోయినా పక్క నరాలను నొక్కుతుంది.

2016లో మా బావమరిదికి ఒక కనురెప్ప వాలిపోయి, ఒక వస్తువు రెండుగా కనిపించసాగింది. స్కానింగులో 28 మిల్లీమీటర్ల ఉబ్బు బయటపడింది. "తిరుగుతున్న మనిషిని బల్ల ఎక్కించవద్దు" అని ఆయన భార్య. "ఆలస్యం వద్దు" అని కొడుకు. ఇద్దరి మాటా ప్రేమతో అన్నదే.

2003లో వెలువడిన ఒక అంతర్జాతీయ పరిశీలన ప్రకారం, పగలని జెయింట్ ఎన్యూరిజమ్‌లు ఐదేళ్ళలో పగిలే అవకాశం మెదడు ముందు భాగపు ధమనులలో నూటికి 40, వెనుక భాగంలో 50. కంటి వెనుక కావర్నస్ సైనస్ అనే చోట ఉంటే మాత్రం సుమారు 6. కనుక కొలతతో పాటు "ఎక్కడ ఉంది?" అని తప్పక అడగాలి.

1937లో అమెరికాలో వాల్టర్ డాండీ అనే సర్జన్ ఉబ్బు మెడకు క్లిప్పు వేసి మూశారు. 1967లో యాసర్గిల్ జూరిచ్‌లో మెదడు ధమనికి బైపాస్ చేశారు. ధమనినే మూయవలసి వస్తే ఇది ఆధారం. 1990 నుండి తొడ ధమని గుండా తీగ పంపి ఉబ్బులో కాయిల్స్ నింపడం వచ్చింది. అయితే పెద్ద ఉబ్బులలో అవి అణిగి, మళ్ళీ రక్తం చేరడం కద్దు. 2011లో అమెరికాలో ఫ్లో డైవర్టర్ అనే జల్లెడ గొట్టానికి అనుమతి లభించింది. దానిని ధమనిలో అమర్చితే ఉబ్బులోకి ప్రవాహం తగ్గి, రక్తం గడ్డకట్టి, క్రమంగా మూసుకుంటుంది. 2013లో ప్రచురించిన పరిశీలనలో పెద్ద, జెయింట్ ఉబ్బులున్న సుమారు 107 మందికి ఇది చేయగా, ఆరు నెలలకు నూటికి 73 పైగా పూర్తిగా మూసుకున్నాయి. పెద్ద పక్షవాతం లేదా నరాల సంబంధ మరణం నూటికి 5.6.

మా వారి ఉబ్బు కావర్నస్ సైనస్ పైన ఉంది. రెండు లెక్కలూ పక్కపక్కన వేసుకుని, ఆయనే సంతకం చేశారు. ఏడాదికి ఉబ్బు మూసుకుంది. రెప్ప లేచింది. పక్కకు చూస్తే వస్తువు రెండుగా కనిపించడం మాత్రం కొంత మిగిలింది. అయినా తన పని తాను చేసుకుంటున్నారు.

చివరిగా నాలుగు మనవులు. ఎన్నడూ లేనంత తీవ్రమైన తలనొప్పి హఠాత్తుగా వస్తే మాత్ర వేసుకుని పడుకోక, వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళండి. పొగ మానండి, బి.పి. అదుపులో ఉంచండి. ఫ్లో డైవర్టర్ వేసిన తరువాత ఇచ్చే రక్తం పలుచబరిచే మాత్రలు డాక్టరు చెప్పనిదే ఆపవద్దు. అసలు బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ, స్కాన్ సీడీలు ఒకే ఫైలులో భద్రపరచండి. ఆ ఫైలు ఎక్కడ ఉందో ఇంట్లోవారికి చెప్పండి.